మీ సైకిల్ ఫ్రేమ్‌కి ఏ డిస్క్ బ్రేక్ మౌంట్? చూడటం, కొలవటం, ఎంచుకోవటం, బిగించటం

"అన్నా, ఈ కాలిపర్ నా సైకిల్‌కి పడుతుందా?" నెలలో నాలుగైదుసార్లు నాకు ఈ ప్రశ్న వస్తుంది. కాలిపర్ అంటే చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని, అంటే రోటర్‌ని, రెండు ప్యాడ్లతో నొక్కి ఆపే భాగం. దాన్ని ఫ్రేమ్‌కి బిగించే చోటే మౌంట్. దాంతోపాటు అమ్మకానికి పెట్టిన కాలిపర్ ఫోటో ఒకటి వస్తుంది. ప్రతిసారీ నేను చెప్పేది ఒకటే: కాలిపర్ ఫోటో వద్దు తమ్ముడూ, ముందు నీ ఫ్రేమ్ ఫోటో పంపు. బ్రేక్ ఏది కొనాలో చెప్పేది ఫ్రేమ్. ఆ వరస తప్పి ముందే బ్రేక్ కొనేసినవాళ్లు పెట్టెలో పడి ఉన్న కాలిపర్‌తో, ఒకదానికొకటి కలవని అడాప్టర్లతో (మౌంట్‌కీ కాలిపర్‌కీ మధ్య వేసే లోహపు ముక్కలు) మిగిలిపోతారు.

మొత్తం విషయం రెండు వాక్యాల్లో. ఫ్రేమ్‌లలో మౌంట్లు మూడు రకాలు: ఐఎస్ (ఇంటర్నేషనల్ స్టాండర్డ్), పోస్ట్ మౌంట్, ఫ్లాట్ మౌంట్. ఇప్పుడు మార్కెట్‌లో దొరికే కాలిపర్లు మాత్రం దాదాపు రెండే రకాలు: పోస్ట్ మౌంట్, ఫ్లాట్ మౌంట్. ఐఎస్ ఫ్రేమ్ ఉన్నవాళ్లు కూడా పోస్ట్ మౌంట్ కాలిపరే కొని, మధ్యలో ఒక అడాప్టర్ వేసుకుంటారు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే తీర్చేద్దాం. సెంటర్‌లాక్, సిక్స్ బోల్ట్ అనే మాటలు హబ్‌కి (చక్రం నడిమి భాగానికి) రోటర్ ఎలా బిగుస్తుందో చెప్తాయి. ఫ్రేమ్ మౌంట్‌తో వాటికి సంబంధం లేదు. ఏ మౌంట్ ఉన్న ఫ్రేమ్‌లో అయినా రెండిట్లో ఏ హబ్ అయినా ఉండొచ్చు.

కావాల్సినవి

- వెర్నియర్ కాలిపర్ (ఇది కొలిచే పనిముట్టు, బ్రేక్ కాలిపర్ కాదు). లేకపోతే మిల్లీమీటర్ గీతలు బాగా కనిపించే స్టీల్ స్కేల్ చాలు.
- 4, 5 మి.మీ. ఎల్లెన్ కీలు, టీ25 కీ.
- టార్క్ రెంచ్, అంటే బోల్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్. కొనలేకపోతే తోటి సైక్లిస్టుల దగ్గర అడిగి ఒక రోజుకి తెచ్చుకోండి. ఈ పనిలో అరువు తెచ్చుకోవటానికి మొహమాటపడకూడని వస్తువు ఇదే.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, శుభ్రమైన నూలు గుడ్డ.
- తెల్ల కాగితం, సెల్‌ఫోన్ టార్చ్.
- గోళ్ల రంగు. ఎందుకో చివర్లో చెప్తాను.

1. ముందు కాలిపర్ విప్పి, ఉత్త ఫ్రేమ్‌ని చూడండి

కాలిపర్ బిగించి ఉండగా చూసి మౌంట్ పేరు చెప్పేయకండి. నాకు వచ్చే ఫోటోల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే. ఐఎస్ ఫ్రేమ్ మీద అడాప్టర్ ఉంటుంది, దాని మీద పోస్ట్ మౌంట్ కాలిపర్ ఉంటుంది. పైనుంచి చూసి "నాది పోస్ట్ మౌంట్" అనుకుంటారు. అడాప్టర్‌తో సహా విప్పేస్తే అసలు సంగతి బయటపడుతుంది.

చక్రం కూడా తీసి పక్కన పెట్టండి. హైడ్రాలిక్ బ్రేక్ (కేబుల్‌తో కాకుండా ద్రవం ఒత్తిడితో పనిచేసేది) అయితే రోటర్ మధ్యలో లేనప్పుడు లివర్ నొక్కకూడదు. నొక్కితే పిస్టన్లు బయటికి వచ్చేసి ప్యాడ్లు మూసుకుపోతాయి. ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క ఒకటి పెట్టి ఉంచండి.

ఇప్పుడు ఏం కనిపిస్తుందో చూడండి.

సైకిల్‌ని పక్క నుంచి చూసినప్పుడు, ఫ్రేమ్‌కి అతికిన పలుచటి రేకు లాంటి చెవిలో రెండు రంధ్రాలు ఇటు నుంచి అటు కనిపిస్తే అది ఐఎస్. ఆ రంధ్రాల్లో థ్రెడ్ (బోల్టు ఎక్కే మర) ఉండదు, నున్నగా ఉంటాయి. బోల్టు చక్రం ఇరుసుకి సమాంతరంగా, పక్క నుంచి దూరుతుంది.

పక్క నుంచి రంధ్రాలు కనిపించకుండా, ఫ్రేమ్ నుంచి రెండు చిన్న దిమ్మలు పొడుచుకొచ్చి, వాటి ముఖాన థ్రెడ్ ఉన్న రంధ్రాలు ఉంటే పోస్ట్ మౌంట్. ముందు ఫోర్క్ అయితే వెనక నుంచి చూడండి, రెండు కళ్లలా కనిపిస్తాయి.

దిమ్మలూ చెవులూ ఏమీ లేకుండా చైన్‌స్టే (పెడళ్ల దగ్గర నుంచి వెనక ఇరుసుకి వెళ్లే కింది గొట్టం) పైభాగం చదునుగా ఉండి, బోల్టు తలలు చైన్‌స్టే అడుగున దాగి ఉంటే ఫ్లాట్ మౌంట్. 2015 ప్రాంతం నుంచి రోడ్ సైకిళ్లలో, ఆ తర్వాత గ్రావెల్ సైకిళ్లలో ఇదే ఎక్కువైంది.

2. కంటితో చూసింది కొలిచి ఖాయం చేసుకోండి

రెండు రంధ్రాల మధ్యబిందువుల దూరం కావాలి. మధ్యబిందువుని కంటితో పట్టుకోవటం కష్టం కాబట్టి తేలిక పద్ధతి ఒకటి వాడండి: మొదటి రంధ్రం ఎడమ అంచు నుంచి రెండో రంధ్రం ఎడమ అంచు దాకా కొలవండి. రెండూ ఒకే సైజు రంధ్రాలు కాబట్టి వచ్చేది మధ్యబిందువుల దూరమే.

- 51 మి.మీ. వస్తే ఐఎస్
- 74 మి.మీ. వస్తే పోస్ట్ మౌంట్
- వెనక 34 మి.మీ. వస్తే ఫ్లాట్ మౌంట్
- ముందు ఫోర్క్ మీద 70 మి.మీ. వస్తే ఫ్లాట్ మౌంట్

ఫోర్క్‌లో 70కీ 74కీ తేడా నాలుగు మిల్లీమీటర్లే. బట్టల టేపుతో కొలిచి నిర్ణయం తీసుకోకండి. అనుమానం వస్తే బోల్టు చూడండి: పోస్ట్ మౌంట్‌కి ఎం6 (6 మి.మీ. లావు) బోల్టు, 5 మి.మీ. ఎల్లెన్ కీ పడుతుంది. ఫ్లాట్ మౌంట్‌కి అంతకంటే సన్నటి ఎం5 బోల్టు.

ముందు ఒకటి, వెనక ఇంకొకటి ఉండొచ్చు. ఫోర్క్ మార్చిన సెకండ్ హ్యాండ్ సైకిళ్లలో ఇది మామూలే. రెండూ విడివిడిగా కొలవండి.

3. రోటర్ సైజు తెలుసుకోండి

రోటర్ ఈ అంచు నుంచి ఆ అంచుకి కొలవండి. 140, 160, 180, 203 మి.మీ. సాధారణంగా కనిపించేవి. 200 కూడా ఉంది. 200, 203 ఒకటే అనుకుని కలిపేయకండి. ఆ మూడు మిల్లీమీటర్ల తేడాకి కాలిపర్ 1.5 మి.మీ. పైకి లేవాలి, దానికి సరైన వాషర్లు కావాలి.

తర్వాత ఫ్రేమ్‌కి సొంతంగా ఏ సైజు అని తెలుసుకోవాలి. పోస్ట్ మౌంట్ ఫ్రేమ్ కాలిపర్‌ని నేరుగా బిగిస్తే ఒకే ఒక్క రోటర్ సైజుకి సరిపోతుంది. ఎక్కువగా అది 160, కొత్త మౌంటెన్ బైక్ ఫోర్కుల్లో 180. ఫ్రేమ్ మీదో, కంపెనీ పత్రంలోనో రాసి ఉంటుంది. ఆ పత్రంలోనే గరిష్ఠంగా ఎంత రోటర్ వేయొచ్చో కూడా ఉంటుంది. దాన్ని దాటకండి. పెద్ద రోటర్ వేసే కొద్దీ ఫోర్క్ కాలి మీద, చైన్‌స్టే మీద పడే బలం మారుతుంది. సన్నటి ఫోర్క్ కాలికి 203 వేసి ఘాట్ దిగటం ప్రాణంతో చెలగాటం.

4. అడాప్టర్ లెక్క

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

అడాప్టర్ కాలిపర్‌ని ఇరుసు నుంచి దూరం జరుపుతుంది, అంతే. దగ్గరికి లాగలేదు. కాబట్టి సొంతంగా 160 ఉన్న పోస్ట్ మౌంట్ ఫ్రేమ్‌కి 180, 203 వేయొచ్చు. సొంతంగా 180 ఉన్నదానికి 160 వేయలేరు. "చిన్న రోటర్ ఉంది కదా, వాడేద్దాం" అనుకుంటే పని కాదు.

ఐఎస్‌లో ముందుకీ వెనక్కీ లెక్క వేరు. ఒకే అడాప్టర్ వెనక పెడితే 160 రోటర్‌కి, ముందు పెడితే 180 రోటర్‌కి సరిపోతుంది. అంటే 20 మి.మీ. తేడా. అందుకే ఐఎస్ అడాప్టర్ల మీద రెండు అంకెలు ఉంటాయి, ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. షాపులో "160 అడాప్టర్ ఇవ్వండి" అని ఊరుకోకండి. "ఐఎస్ ఫ్రేమ్, పోస్ట్ మౌంట్ కాలిపర్, వెనక చక్రం, 160 రోటర్" అని నాలుగు ముక్కలూ చెప్పండి. నాలుగూ చెప్తే తప్పు వస్తువు చేతికి రావటం కష్టం.

ఒక అడాప్టర్ మీద ఇంకో అడాప్టర్ వేయకండి. పొడవాటి బోల్టు పెట్టి రెండిటినీ దొంతరగా బిగించిన సైకిళ్లు చూశాను. బ్రేక్ వేసినప్పుడు కాలిపర్ కళ్ల ముందే ఊగుతుంది.

ఫ్లాట్ మౌంట్ ఫ్రేమ్‌కి పోస్ట్ మౌంట్ కాలిపర్ వేసే అడాప్టర్లు, దానికి తిరగేసి కూడా, దొరుకుతాయి. కొన్ని ఫ్రేమ్‌లకి చక్కగా సరిపోతాయి. కానీ వెనక చైన్‌స్టే, సీట్‌స్టే (సీటు కింద నుంచి వెనక ఇరుసుకి దిగే గొట్టం) మధ్య జాగా ఇరుకు. కాలిపర్ ఒళ్లు ఫ్రేమ్‌కి తగలొచ్చు, హోస్ (బ్రేక్ ద్రవం వెళ్లే గొట్టం) తిరగటానికి చోటు లేకపోవచ్చు. చేతిలో ఉన్న మంచి బ్రేక్ వాడుకోవటానికైతే ప్రయత్నించండి. కొత్తగా కొనేటప్పుడు మాత్రం ఫ్రేమ్‌కి తగ్గదే కొనండి.

5. ఫ్రేమ్ ఇంకా కొనలేదా? అయితే ఇలా ఎంచుకోండి

ఫ్రేమ్ ఉన్నవాళ్లు ఈ భాగం దాటేసి ఆరో మెట్టుకి వెళ్లొచ్చు. కొత్త ఫ్రేమ్, సెకండ్ హ్యాండ్ ఫ్రేమ్, లేదా చేయించుకునే స్టీల్ ఫ్రేమ్ చూస్తున్నవాళ్లకి నా అభిప్రాయం చెప్తాను.

వంచిన హ్యాండిల్ రోడ్ సైకిల్ అయితే ఫ్లాట్ మౌంట్ తీసుకోండి. ఆ హ్యాండిల్‌కి వచ్చే హైడ్రాలిక్ లివర్లతో పాటు ఇచ్చే కాలిపర్లు ఇప్పుడు దాదాపు అన్నీ ఫ్లాట్ మౌంటే. 140, 160 రోటర్లకి కట్టిన పద్ధతి ఇది. కొండల్లో పెద్ద రోటర్ కావాలనుకునేవాళ్లకి ఇందులో చోటు తక్కువ.

మట్టి దారులు, రాళ్ల దారులు, బరువైన రైడర్, పెద్ద రోటర్ అయితే పోస్ట్ మౌంట్. కాలిపర్ నేరుగా కూర్చుంటుంది, సర్దటం సులువు. పైగా ముందుకీ వెనక్కీ అదే కాలిపర్ పడుతుంది. ఫ్లాట్ మౌంట్‌లో ముందు, వెనక కాలిపర్లు విడివిడిగా అమ్ముతారు.

సామాన్లు కట్టుకుని రోజుల తరబడి తిరిగేవాళ్లకి, స్టీల్ ఫ్రేమ్ చేయించుకునేవాళ్లకి నేను ఇప్పటికీ ఐఎస్ చెప్తాను. పాతది కదా అంటారు. పాతదే. కానీ ఐఎస్ ఫ్రేమ్‌లో థ్రెడ్ లేదు. థ్రెడ్ ఉండేది అడాప్టర్‌లో. అది చెడిపోతే అడాప్టర్ మారుస్తారు, ఫ్రేమ్‌కి ఏమీ కాదు. పోస్ట్ మౌంట్‌లో థ్రెడ్ ఫ్రేమ్‌లోనే ఉంది. చెడిపోతే ఫ్రేమ్ లేత్ షాపు ఎక్కాలి.

ఇది నా అనుభవం. శ్రీశైలం రైడ్‌కి సైకిల్‌ని బస్సులో పంపటానికి ఒక షాపులో విప్పి ప్యాక్ చేయించాను. తిరిగి బిగించేటప్పుడు అక్కడి కుర్రాడు ముందు కాలిపర్ బోల్టు వంకరగా ఎక్కించి, గట్టిగా తిప్పేశాడు. బయటికి అంతా బాగానే కనిపించింది. దోర్నాల దాటి ఘాట్‌లో మొదటి దిగుడు దగ్గర బ్రేక్ పట్టుకుంటే ఫోర్క్ కాలి దగ్గర టక్కుమని శబ్దం. దిగి చూస్తే పై బోల్టు వేళ్లతో తిరుగుతోంది. అల్యూమినియం థ్రెడ్ సన్నటి స్ప్రింగ్ తీగలా బోల్టుతో పాటు బయటికి వచ్చేసింది. ఆ రోజు దిగుడంతా నడిచాను. తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో హెలికాయిల్ (చెడిన రంధ్రంలో కొత్త థ్రెడ్‌గా పెట్టే తీగ చుట్ట) వేయించాక ఆ ఫోర్క్ మళ్లీ పనికొచ్చింది. ఐఎస్ అయి ఉంటే సంచిలో పెట్టుకున్న అడాప్టర్‌తో పావుగంటలో పోయేది.

ఇంకో మాట. క్యారియర్, మడ్‌గార్డ్ వేసుకునే ఆలోచన ఉంటే వెనక మౌంట్ ఎక్కడుందో చూడండి. సీట్‌స్టే పైన బయటికి పొడుచుకొచ్చిన మౌంట్ అయితే క్యారియర్ కాలు కాలిపర్‌కి తగులుతుంది. డిస్క్ సైకిళ్ల కోసం వెడల్పుగా చేసిన క్యారియర్ వెతుక్కోవాలి. చైన్‌స్టే, సీట్‌స్టే మధ్య త్రికోణంలో కాలిపర్ దాగి ఉంటే ఏ గొడవా లేదు.

ఇక పాత రిమ్ బ్రేక్ ఫ్రేమ్‌కి వెల్డింగ్ షాపులో ఐఎస్ చెవి అతికిస్తే సరిపోదా అని అడిగేవాళ్లకి: వద్దు. దయచేసి వద్దు. అల్యూమినియం ఫ్రేమ్‌కి బలం వేడి చికిత్సతో వస్తుంది. ఒక చోట వెల్డింగ్ చేస్తే చుట్టూ ఆ బలం పోతుంది. ఫోర్క్ అయితే మరీ ప్రమాదం, రిమ్ బ్రేక్ ఫోర్క్ కాలు కింది భాగం డిస్క్ బ్రేక్ గుంజుడుకి చేసింది కాదు. హబ్ కూడా మార్చాలి. అంత ఖర్చుకి సెకండ్ హ్యాండ్ డిస్క్ ఫ్రేమ్ వస్తుంది.

6. బిగించే ముందు మౌంట్ ముఖం శుభ్రం చేయండి

కాలిపర్ కూర్చునే చోట పెయింట్ గడ్డలు, పౌడర్ కోటింగ్ పొర ఉంటే కాలిపర్ వాలుగా కూర్చుంటుంది. ఎంత సర్దినా రోటర్‌కి ఒక పక్క రాసుకుంటూనే ఉంటుంది. స్కేల్ అంచుని రెండు దిమ్మల మీద ఆనించి వెనక టార్చ్ వేయండి. వెలుతురు ఒక పక్క నుంచే వస్తే ముఖం ఎగుడుదిగుడుగా ఉన్నట్టు. పెయింట్ పొరైతే జాగ్రత్తగా గీకి తీసేయొచ్చు. లోహమే వంకరైతే ఫేసింగ్ పనిముట్టు (మౌంట్ ముఖాన్ని చదును చేసేది) ఉన్న షాపుకి ఇవ్వండి, ఆకురాయి పెట్టి మీరే అరగదీయకండి.

ఫ్రేమ్‌కి మళ్లీ రంగు వేయిస్తుంటే ముందే చెప్పండి: మౌంట్ ముఖానికి మాస్కింగ్ టేప్ వేయాలి, థ్రెడ్ రంధ్రాల్లో పాత బోల్టులు పెట్టాలి.

7. బోల్టు పొడవు, థ్రెడ్ లెక్క

బోల్టుని మొదట చేత్తోనే తిప్పండి. ఎల్లెన్ కీ వాడాల్సొస్తే పొడుగు కాడని బోల్టులో పెట్టి పొట్టి కాడతో తిప్పండి, అప్పుడు పొరపాటున కూడా ఎక్కువ బలం పడదు. మొదటి రెండు చుట్లలోనే గట్టిగా అనిపిస్తే ఆపి వెనక్కి తీయండి. వంకరగా ఎక్కుతోందని అర్థం.

ఎం6 బోల్టు ఒక పూర్తి చుట్టుకి సరిగ్గా ఒక మిల్లీమీటర్ లోపలికి వెళ్తుంది. కాబట్టి చుట్లు లెక్కపెట్టండి. కాలిపర్ పెట్టిన తర్వాత బోల్టు కనీసం పది చుట్లు తిరగాలి. ఐదారు చుట్లకే ఆగిపోయిందంటే బోల్టు పొట్టిది, లేదా రంధ్రం అడుగుకి తగిలింది.

ఫ్లాట్ మౌంట్ వెనక చక్రానికి ఈ లెక్క ఇంకా ముఖ్యం. బోల్టు చైన్‌స్టే అడుగు నుంచి దూరి పైన కాలిపర్‌లోకి ఎక్కుతుంది. చైన్‌స్టే మందం ఫ్రేమ్‌కి ఫ్రేమ్‌కి మారుతుంది, అందుకే బోల్టులు రకరకాల పొడవుల్లో అమ్ముతారు. కాలిపర్ లేకుండా బోల్టుని కింద నుంచి దూర్చి, పైకి ఎంత వచ్చిందో కొలవండి. షిమానో చెప్పే కొలత 13 మి.మీ. మరీ పొడుగైతే బోల్టు కాలిపర్ లోపల అడుగుకి తగిలి బిగిసినట్టు అనిపిస్తుంది కానీ కాలిపర్ వదులుగానే ఉంటుంది. ఈ తప్పు చేతికి తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది.

ముందు చక్రం ఫ్లాట్ మౌంట్‌లో కాలిపర్‌ని మొదట ఒక పలుచటి ప్లేట్‌కి బిగించి, ఆ ప్లేట్‌ని ఫోర్క్‌కి బిగిస్తారు. ప్లేట్‌ని తిరగేస్తే 140కి బదులు 160 అవుతుంది. బిగించే ముందు ప్లేట్ మీద రాసిన అంకె చదవండి.

8. సర్ది, బిగించండి

1. చక్రం పెట్టి, ఇరుసు పూర్తిగా బిగించండి. క్విక్ రిలీజ్ అయితే సైకిల్ నేల మీద నిలబెట్టి బిగించండి. చక్రం వంకరగా ఉంటే తర్వాతి పనంతా వృథా.
2. కాలిపర్ బోల్టులు పావు చుట్టు వదలండి. కాలిపర్ అటూ ఇటూ కదలాలి.
3. లివర్ గట్టిగా నొక్కి పట్టుకోండి, లేదా పాత ట్యూబ్ ముక్కతో హ్యాండిల్‌కి కట్టేయండి.
4. బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకటే పూర్తిగా బిగిస్తే కాలిపర్ పక్కకి తిరిగిపోతుంది.
5. టార్క్ రెంచ్‌తో ముగించండి. షిమానో కాలిపర్లకి 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. మిగతా కంపెనీలు వేరే అంకె ఇవ్వొచ్చు, మీ కాలిపర్ పత్రంలో ఉన్నదే వాడండి.

ఇది హైడ్రాలిక్ కాలిపర్ల పద్ధతి. మన దగ్గర తక్కువ ధర సైకిళ్లలో వచ్చే కేబుల్ కాలిపర్లలో చాలావాటికి ఒక ప్యాడే కదులుతుంది. వాటికి కదలని ప్యాడ్‌ని రోటర్‌కి ఒక విజిటింగ్ కార్డు మందం దూరంలో ఉంచి, కాలిపర్‌ని చేత్తో నిటారుగా పట్టుకుని బిగించాలి.

9. సరిగ్గా వచ్చిందా? ఇలా పరీక్షించండి

కాలిపర్ వెనక తెల్ల కాగితం పెట్టి టార్చ్ వేసి, ప్యాడ్ల మధ్య నుంచి చూడండి. రోటర్‌కి రెండు పక్కలా సన్నటి తెల్ల గీత కనిపించాలి. ఒక పక్కే కనిపిస్తే మళ్లీ సర్దండి. చక్రం తిప్పినప్పుడు ఒక్క చోట మాత్రమే "స్స్" మంటే తప్పు కాలిపర్‌ది కాదు, రోటర్ వంగింది.

ప్యాడ్ రోటర్ మీద ఎక్కడ పడుతోందో చూడటం చాలామంది మరిచిపోతారు. ప్యాడ్ మొత్తం రోటర్ బ్రేక్ పట్టీ మీదే ఉండాలి. ప్యాడ్ పై అంచు రోటర్ దాటి బయటికి ఉంటే కాలిపర్ ఎక్కువ ఎత్తులో ఉంది, అంటే మీ అడాప్టర్ ఇంకా పెద్ద రోటర్‌ది. ప్యాడ్ కిందికి జారి రోటర్ కాళ్లని కూడా పట్టుకుంటుంటే అడాప్టర్ చిన్నది. మొదటి తప్పు ఎక్కువ ప్రమాదం: ప్యాడ్‌లో తగలని భాగం అరగకుండా మెట్టులా మిగులుతుంది, కొన్నాళ్లకి రెండు ప్యాడ్ల మెట్లూ ఒకదానికొకటి ఆనుకుని బ్రేక్ పట్టటం మానేస్తుంది.

తర్వాత ముందు బ్రేక్ నొక్కి పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. ఒక వేలు కాలిపర్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య సందు మీద పెట్టండి. అక్కడ కదలిక తెలిస్తే బోల్టు బిగియలేదు.

రోటర్‌ని ఆల్కహాల్‌తో తుడిచి, ఖాళీ రోడ్డు మీద బ్రేక్ అలవాటు చేయండి. మామూలు వేగం నుంచి ఓ ఇరవైసార్లు నడక వేగానికి తగ్గించండి, తర్వాత కాస్త ఎక్కువ వేగం నుంచి పదిసార్లు. పూర్తిగా ఆపేయకండి, చక్రం జారనివ్వకండి. అయిన వెంటనే రోటర్ ముట్టుకోకండి, చెయ్యి కాలుతుంది.

ఇంటికి వచ్చాక టార్క్ మళ్లీ చూసి, ఒక్కో బోల్టు తల మీదుగా పక్కనున్న లోహం దాకా గోళ్ల రంగుతో సన్నటి గీత గీయండి. బోల్టు వదులైతే ఆ గీత తెగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. రైడ్‌కి బయల్దేరే ముందు గాలి చూసుకున్నట్టే ఆ గీతలు కూడా ఒకసారి చూడండి. తెగి కనిపిస్తే ఆ రోజు టార్క్ రెంచ్ పెట్టాకే సైకిల్ ఎక్కండి.